సైబర్ భద్రత: ఒప్పందాలున్నాయి, వాటి మధ్య దారులే తక్కువ

2017 మే నెలలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి, తెరవడానికి డబ్బు అడిగే హానికర ప్రోగ్రామ్) కొద్ది రోజుల్లోనే సుమారు 150 దేశాల కంప్యూటర్లకు పాకి, బ్రిటన్‌లో ఆసుపత్రుల పనిని సైతం స్తంభింపజేసింది. ఇటువంటి దాడికి సరిహద్దులు అడ్డురావు. దర్యాప్తు మాత్రం ప్రతి సరిహద్దు దగ్గరా ఆగి అనుమతి కోసం ఎదురుచూడాలి. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ తేడాయే.

నియమాలు లేవని అనలేం. సైబర్ నేరాలపై ఐరోపా మండలి రూపొందించిన బుడాపెస్ట్ ఒప్పందం 2004 నుంచి అమల్లో ఉంది. సైబర్ భద్రతపై ఆఫ్రికా సమాఖ్య 2014లో ఆమోదించిన మలాబో ఒప్పందం అమలుకు అవసరమైన 15 దేశాల ధ్రువీకరణలు సమకూరేసరికి 2023 వచ్చింది. సైబర్ రంగంలో దేశాలు పాటించాలని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 2015లో సూచించిన 11 ప్రవర్తనా నియమాలకు ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్ 2018లో సూత్రప్రాయంగా కట్టుబడింది. సైబర్ నేరాలపై సమితి సర్వసభ్య సభ 2024 డిసెంబరులో ఆమోదించిన ఒప్పందం 40 దేశాలు ధ్రువీకరించాకే అమల్లోకి వస్తుంది. అందులో పాత్రికేయులకు, భద్రతా పరిశోధకులకు తగిన రక్షణలు లేవన్న హక్కుల సంఘాల అభ్యంతరం సమంజసమైనదని నా అభిప్రాయం.

అయితే, దాడి జరిగిన రాత్రి అక్కరకు వచ్చేది ఒప్పంద పాఠం కన్నా అవతలి దేశంలో ఫోను ఎత్తే మనిషి. ఎవరు ఎప్పుడు ప్రవేశించారో నమోదు చేసే సర్వర్ లాగ్‌లు ఎంతోకాలం నిలవవు. వాటిని చెరపకుండా ఉంచమన్న అభ్యర్థన ఆలస్యమైతే ఆధారమే మిగలదు. అందుకే బుడాపెస్ట్ ఒప్పందం ప్రతి సభ్యదేశంలోనూ వారంలో ఏడు రోజులూ, రోజంతా పనిచేసే సంప్రదింపు కేంద్రం ఉండాలంటుంది. సమితి కూడా 2024లో ఇలాంటి ప్రతినిధుల జాబితాను ప్రారంభించింది. కానీ జాబితాలో పేరున్నంత మాత్రాన నమ్మకం కలగదు. కలిసి కసరత్తులు చేసి, ఒకరి పనితీరు ఒకరు ఎరిగినవారే సున్నితమైన సమాచారాన్ని సంకోచం లేకుండా పంచుకోగలరు.

2021 జనవరిలో ఎమోటెట్ బాట్‌నెట్‌ను (నేరగాళ్లు రహస్యంగా వశపరచుకున్న కంప్యూటర్ల వలయాన్ని) ఐరోపా, ఉత్తర అమెరికా దర్యాప్తు సంస్థలు ఏకకాలంలో స్వాధీనం చేసుకోగలిగాయంటే, వాటి మధ్య అంతకుముందే బలపడిన సంబంధాలు అందుకు ఎంతో తోడ్పడి ఉంటాయి. 2022లో రాన్సమ్‌వేర్ దాడుల వల్ల జాతీయ అత్యవసర పరిస్థితి ప్రకటించిన కోస్టారికా వంటి చిన్న దేశాలకు అటువంటి పరిచయాలు అన్ని ఖండాల్లోనూ ఉండాలి. సైబర్ దాడులకు స్పందించే బృందాలను కలిపే ఆఫ్రికాసెర్ట్, ఆసియా పసిఫిక్ దేశాల ఏపీసెర్ట్ వంటి ప్రాంతీయ వేదికల్లో సభ్యులు తమలో తాము సహకరించుకుంటున్నారు. ఆ వేదికల మధ్య సిబ్బంది మార్పిడికీ, ఉమ్మడి కసరత్తులకూ నిలకడైన నిధులు కేటాయించడమే, నా దృష్టిలో, మరో కొత్త ముసాయిదా కన్నా ముందు జరగాల్సిన పని. 2025 జూలైలో సమితి సభ్యదేశాలు అంగీకరించిన శాశ్వత సైబర్ భద్రతా యంత్రాంగంలో సామర్థ్యాల పెంపునకు ప్రత్యేక బృందం ఉంది; ఈ పనిని ఆ బృందమే చేపట్టాలి.