650 కావాలట, మనది 550

ఆదివారం

చెల్లి కంప్యూటర్‌కి కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాం. తను బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో యానిమేషన్ నేర్చుకుంటోంది. ఇప్పుడున్న జీటీఎక్స్ 1650లో మెమరీ 4 జీబీయే. చెట్లూ గడ్డీ దట్టంగా ఉన్న సీను పెడితే చాలు, మెమరీ చాలక రెండర్, అంటే సీనును బొమ్మలుగా తయారుచేసే పని, ఆగిపోతోంది. ఆర్‌టీఎక్స్ 4070లో 12 జీబీ ఉంటుందని దాని మీద మనసు పెట్టుకుంది. ఇవాళ పొద్దున ఆ కార్డు వివరాల్లో పవర్ సప్లై (అదే, కంప్యూటర్‌లో అన్నిటికీ కరెంటు పంచే ఎస్‌ఎంపీఎస్) కనీసం 650 వాట్లు ఉండాలని చదివి డీలాపడిపోయింది. "మనది 550 కదన్నయ్యా. అంటే ఎస్‌ఎంపీఎస్ కూడా మార్చాల్సిందేనా?"

"చూడకుండా ఏం చెప్పను? ముందు దాని మీద ఏం రాసుందో చదువుదాం పద" అన్నాను. ఇలాంటి పనంటే నాకు ప్రాణం. పొద్దుటిపూటంతా దానితోనే సరిపోయింది.

ప్లగ్గు తీసేసి క్యాబినెట్ పక్క పలక విప్పాం. లేబుల్ అవతలి వైపు ఉంది, రెండో పలక కూడా తీయాల్సి వచ్చింది. చెల్లి ఫోన్ టార్చి పట్టుకుంటే నేను చదివాను. 550 అనే అంకె పెద్దగా కనిపిస్తుంది గానీ, అసలు చూడాల్సింది కింద ఉండే చిన్న పట్టిక. 3.3 వోల్టులు, 5 వోల్టులు, 12 వోల్టులు అని గళ్లు, ఒక్కొక్క దాని కింద ఎన్ని ఆంపియర్లో ఉంటుంది. మన దాంట్లో 12 వోల్టుల కింద 45 అని ఉంది. పన్నెండు నలభై ఐదులు 540. అంటే మొత్తం 550 వాట్లలో 540 దాకా ఆ ఒక్క లైను మీదే ఇవ్వగలదు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు వాడుకునేది దాదాపు అంతా 12 వోల్టుల మీదే. చెల్లికి ఈ గుణకారం తన చేతే చేయించాను. ఒకసారి చేస్తే ఇక మరిచిపోదు.

తేడా తెలియాలని అటక మీద ఉన్న పాత సప్లై కూడా దింపాను. దాని మీద 500 అని ఉంది. లేబుల్‌లో 12 వోల్టుల లైన్లు రెండు, ఒక్కోటి 16 ఆంపియర్లు. రెండూ కలిపి 384 వాట్లు అనుకుంటాం. కానీ కింద సన్నటి అక్షరాల్లో ఆ రెండింటికీ కలిపి గరిష్ఠంగా 300 వాట్లే అని రాసి ఉంది. మిగతాదంతా 5, 3.3 వోల్టుల లెక్కలోకి పోయింది. ఈ కాలపు కంప్యూటర్‌కి అంత అవసరం లేదు. 500 అని రాసి ఉన్నది 300, 550 అని రాసి ఉన్నది 540! కొనేవాళ్లు పెట్టె మీది అంకె చూసి మోసపోకూడదని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఈ పట్టికను పెట్టె మీదే పెద్దగా వేయాలి.

తర్వాత కరెంటు ఖర్చు లెక్క. 4070 గరిష్ఠంగా లాగేది 200 వాట్లు. మన ప్రాసెసర్ ఐ5 12400 మామూలుగా 65 వాట్లదే అయినా, పూర్తి వేగంలో 117 దాకా వెళ్తుందని ఇంటెల్ లెక్క. 65 వేసుకుని కూడితే లెక్క తప్పుతుంది, 117 వేసుకోవాలి. మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు కలిపి ఓ 50 అనుకున్నాం. మొత్తం 367. 540లో అది మూడింట రెండు వంతులకు కాస్త ఎక్కువ. సరిపోతుంది.

"మరి 650 అని ఎందుకు రాశారు?" అంది. న్యాయమైన ప్రశ్నే. కార్డు చేసేవాళ్లకు మన క్యాబినెట్‌లో ఏముందో తెలియదు. మనకంటే రెట్టింపు కరెంటు తాగే ప్రాసెసర్ ఉండొచ్చు, మా అటక మీదున్న దాని లాంటి సప్లై ఉండొచ్చు. అందరికీ కలిపి ఒకటే అంకె చెప్పాలంటే పెద్దదే చెప్పాలి. అది పట్టించుకోనక్కర్లేని మాటేమీ కాదు. సొంతంగా లెక్క వేసుకోలేని వాళ్లు దాన్నే పాటించడం మంచిది.

ఇంకో సంగతి కూడా చూడాలి. కార్డు గరిష్ఠంగా 200 వాట్లు అన్నా, అది సగటు లెక్కే. సెకనులో వెయ్యో వంతు సేపు అంతకు మించి లాగి మళ్లీ తగ్గుతుంది. 2020లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3080, 3090 కార్డులతో ఈ తాకిడి బాగా తెలిసొచ్చింది. లెక్క ప్రకారం సరిపోయే సప్లైలు కూడా కొన్ని ఉన్నట్టుండి ఆఫ్ అయిపోయేవి. లోపలి రక్షణ సర్క్యూట్ దాన్ని ఓవర్‌లోడ్ అనుకుని ఆపేసేది. అందుకే 2022 నాటి ఏటీఎక్స్ 3.0 అనే పవర్ సప్లై ప్రమాణంలో, పెద్ద కార్డుల కోసం చేసిన సప్లై 100 మైక్రోసెకన్ల పాటు తన సామర్థ్యానికి రెట్టింపు లోడ్‌ను తట్టుకోవాలని పెట్టారు. మనది అంతకు ముందటి ప్రమాణానిది. అయినా 367కీ 540కీ మధ్య 170 వాట్లకు పైగా జాగా ఉంది, 4070 ఆ పెద్ద కార్డులంత దూకుడుదీ కాదు. ఇక్కడ నాకు టెన్షన్ లేదు.

వైర్ల దగ్గర మాత్రం చాలాసేపు పట్టింది. 1650కి విడిగా పవర్ వైరు అక్కర్లేదు, మదర్‌బోర్డు స్లాట్ ఇచ్చే 75 వాట్లే చాలు. అందుకని గ్రాఫిక్స్ కార్డు వైర్లు ట్యాగ్ కూడా విప్పకుండా వెనకాల చుట్టచుట్టి ఉన్నాయి. విప్పి చూస్తే ఆరు పిన్నులు, పక్కనే విడిపోయే రెండు పిన్నులు. కలిపితే ఎనిమిది. ప్రాసెసర్‌కి వెళ్లేది కూడా ఎనిమిది పిన్నులదే, కానీ అది నాలుగూ నాలుగుగా విడిపోతుంది. రెండింటిలో వోల్టేజీ వచ్చే వైపులు వేరు. ఒకదాని చోట ఇంకొకటి బలవంతంగా దూర్చకూడదని చెల్లికి రెండూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఎనిమిది పిన్నుల వైరు 150 వాట్లు ఇస్తుంది. స్లాట్ 75 కలిపితే 225. 4070 మోడళ్లలో కొన్నిటికి ఒక్క ఎనిమిది పిన్నుల సాకెట్టే ఉంటుంది. కొన్నిటికి కొత్త పదహారు పిన్నులది, దానికి అడాప్టర్ పెట్టుకోవాలి. మనకి మొదటి రకమే తీసుకుందామని తేల్చాం. మధ్యలో అతుకులు ఎంత తక్కువైతే అంత నిశ్చింత.

సప్లై వయసు కూడా చూశాం. 5 ఏళ్ల వారంటీలో ఇంకా రెండేళ్లు మిగిలే ఉంది. లోపల కరెంటు నిలవ ఉంచే కెపాసిటర్లకు వేడే శత్రువు, 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగమవుతుందని లెక్క. కింది జల్లెడకు దుమ్ము పేరుకుని ఉంటే బ్రష్షుతో తుడిచాను. సప్లైని మాత్రం విప్పలేదు. ప్లగ్గు తీసినా లోపల కరెంటు నిలవ ఉంటుంది, దాని జోలికి వెళ్లకూడదు.

అన్నీ సరిపోయాయనుకుంటుండగా చెల్లి ఒక మాట అంది. "80 ప్లస్ బ్రాంజ్ అంటే 550లో 85 శాతమే వస్తుందనేగా?" అది సప్లై కరెంటును ఎంత తక్కువ వృథా చేస్తుందో చెప్పే ముద్ర. చాలామంది అలాగే అనుకుంటారు. నిజానికి 550 అన్నది బయటికి ఇచ్చేది. నష్టం గోడ ప్లగ్గు వైపు పడుతుంది. లోపల 367 వాట్లు కావాలంటే ప్లగ్గు నుంచి 430 దాకా లాగుతుంది. అది చెబుతుండగానే నా చూపు బల్ల కింద యూపీఎస్ మీద పడింది.

దాని మీద 600 అని ఉంది. అవి వీఏలు (వోల్ట్-ఆంపియర్లు), వాట్లు కావు. వాట్లు పక్కన చిన్నగా ఉన్నాయి, 360. ఇప్పటి కార్డుతో, మానిటర్ కలిపినా 315 మించదు కాబట్టి ఇన్నాళ్లూ నడిచింది. కొత్త కార్డు పెట్టి రెండర్ నడుస్తుండగా కరెంటు పోతే యూపీఎస్ ఓవర్‌లోడ్ అయి మొత్తం ఆగిపోతుంది. గంటల పని పోతుంది. ఎస్‌ఎంపీఎస్ గురించి బెంగపడి వస్తే అది శుభ్రంగా నెగ్గింది, దాని ముందున్నది చాలలేదు.

"కార్డు కంటే ముందు యూపీఎస్సా?" అని మూతి ముడిచింది గానీ లెక్క తనే మళ్లీ వేసి ఒప్పుకుంది. 600 వాట్లు అని స్పష్టంగా రాసి ఉన్నదీ, బ్యాటరీ మీద కూడా ప్యూర్ సైన్ వేవ్, అంటే గోడ కరెంటులాగే నున్నటి అల, ఇచ్చేదీ చూశాం. గోడ నుంచి కరెంటు సమంగా లాగేలా చూసే యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న సప్లైలు కొన్ని మెట్లుమెట్లుగా ఉండే స్క్వేర్ వేవ్‌కి మారే క్షణంలో ఆగిపోతాయి, మనది ఆ రకమే. సాయంత్రం యూపీఎస్ ఆర్డర్ పెట్టాం. కార్డు తర్వాత. అది వచ్చిన రోజు ముందు, సెన్సర్ల అంకెలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి, పెద్ద సీను ఒకటి గంటసేపు రెండర్ చేయించి, 12 వోల్టుల రీడింగ్ ఎంత దిగుతుందో చూడాలి. 5 శాతం లోపు, అంటే 11.4 కంటే కిందికి దిగకూడదు. మదర్‌బోర్డు సెన్సర్ అంత కచ్చితంగా చెప్పదు, అనుమానం వస్తే మల్టీమీటర్ పెట్టి చూస్తాను. ఆ తర్వాత యూపీఎస్ ప్లగ్గు పీకి, రెండర్ ఆగకుండా నడుస్తుందో లేదో కూడా చూస్తాం.