చియాపాస్ కొండల్లో మొక్కజొన్న లెక్కలు

సాన్ క్రిస్తోబాల్ నుంచి చెనాల్హో మీదుగా అక్తెయాల్ వెళ్లే వ్యాను సీట్లు నిండితే గాని కదలదు. మెక్సికో దక్షిణాన చియాపాస్ రాష్ట్రంలో ఉన్నా పద్ధతి మన షేర్ ఆటోలదే. కాలు నిలదొక్కుకోవడమే కష్టమనిపించే వాలుల్లో కూడా మొక్కజొన్న వేశారు.

మేం వెళ్లింది లాస్ అబెహాస్ (తేనెటీగలు) అనే సోట్‌సిల్ ఆదివాసుల సంఘం దగ్గరికి. 1992లో ఏర్పడింది. 1994 జనవరి 1న, ఉత్తర అమెరికా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం నాఫ్టా అమల్లోకి వచ్చిన రోజే, జపతిస్తాలు అనే ఆదివాసీ సాయుధ దళాలు ఈ కొండల్లో తిరగబడ్డాయి. వాళ్ల డిమాండ్లను సమర్థించిన అబెహాస్ తుపాకీ మాత్రం పట్టలేదు. అయినా 1997 డిసెంబరు 22న అక్తెయాల్‌లో ఉపవాసముండి ప్రార్థన చేసుకుంటున్న వాళ్ల మీద సాయుధ ముఠా ఒకటి గంటల తరబడి కాల్పులు జరిపింది. 45 మంది చనిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్లూ పిల్లలే. దగ్గర్లోనే ఉన్న పోలీసులు కదల్లేదు.

ఇదంతా చదువుకునే వెళ్లాను. చదవనిది వంటింట్లో తెలిసింది. ఒక పెద్దావిడ సున్నం వేసి ఉడికించిన మొక్కజొన్నను కడిగి, పొట్టు వదిలేదాకా రెండు చేతులతో నలుపుతోంది. తర్వాత పిండి రుబ్బి, రొట్టెలు తట్టి మట్టి పెనం మీద వేసింది. మిగిలిన ముద్దను నీళ్లలో కలిపి తాగమని ఇచ్చింది. పోసోల్ అంటారు, రుచికి మన అంబలికి దగ్గర చుట్టం. తాగుతుంటే లెక్క చెప్పింది: ఇంటికి సరిపడా గింజలు ఉంచుకుని మిగిలింది అమ్మితే, ఎరువు డబ్బులు కూడా రావడం లేదట. అమెరికాలో ప్రభుత్వ రాయితీలతో, పెద్ద యంత్రాలతో పండిన మొక్కజొన్న నాఫ్టాతో మెక్సికోలోకి ధారాళంగా వచ్చింది. సుంకాలు దశలవారీగా తగ్గి 2008 నాటికి పూర్తిగా పోయాయి. ఆ యంత్రాలతో పోటీ పడవలసింది ఈ వాలు మీది గునపం.

కాఫీ కథ అంతకంటే పాతది. 1989లో అంతర్జాతీయ కాఫీ ఒప్పందంలోని ఎగుమతి కోటాలు రద్దై ధర కుప్పకూలింది. ఊచకోత తర్వాత అబెహాస్ రైతులే మాయా వినిక్ అనే సహకార సంఘం పెట్టుకుని కాఫీని నేరుగా విదేశాలకు అమ్ముకుంటున్నారు. గిట్టుబాటు ధర కోసం ప్రపంచ మార్కెట్టుకే వెళ్లవలసి రావడం నాకు కొంచెం విడ్డూరంగా అనిపించింది. వాళ్లకు అలా అనిపించలేదు. దళారీ తప్పుకుంటే చాలన్నారు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది భూమి. ఉమ్మడి భూములను అమ్ముకునే వీలు కల్పిస్తూ మెక్సికో 1992లో రాజ్యాంగంలోని 27వ అధికరణాన్ని సవరించింది. మా దగ్గర ఏజెన్సీలో ఆదివాసుల భూమి ఇతరులు కొనకూడదని 1/70 చట్టం ఉందనీ, ప్రైవేటు గనుల లీజులు చెల్లవని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పిందనీ దుబాసీ ద్వారా వివరించాను. ఒక యువకుడు అడిగాడు: “మరి ఇప్పుడు ఆ భూమి ఎవరి చేతిలో ఉంది?” చాలాచోట్ల బినామీల చేతిలో ఉందని చెప్పక తప్పలేదు. అతను తలూపి, తమ ఊళ్ల పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు.

ఊచకోత కేసులో న్యాయం సంగతికి వస్తే, శిక్ష పడిన చాలామందిని 2009 నుంచి మెక్సికో సుప్రీంకోర్టు విడిచిపెట్టింది, విచారణలో లోపాలున్నాయని. 2020లో ప్రభుత్వం క్షమాపణ చెప్పి, రాజీకి వచ్చిన కుటుంబాలకు పరిహారం ఇస్తామంది. కొన్ని కుటుంబాలు ఒప్పుకున్నాయి. అబెహాస్ ఒప్పుకోలేదు. డబ్బు తీసుకున్నవాళ్లను తప్పుపట్టే అర్హత బయటివాళ్లకు లేదని నా అభిప్రాయం. కానీ ఆదేశాలిచ్చింది ఎవరో తేలకుండా ఫైలు మూయనివ్వం అన్నవాళ్ల మొండితనమే నాకు అర్థమైంది. నెలనెలా 22వ తేదీన వాళ్లు ప్రార్థన జరిపి, ఒక ప్రకటన చదువుతారు. ఆ నెల ప్రకటన ముసాయిదా మీద మధ్యాహ్నం నుంచి వాదన నడుస్తోంది. వ్యాను వచ్చే వేళకి రెండో పేరా దగ్గరే ఉన్నారు.