మెత్తదనం వేరు, ఫోకస్ తప్పడం వేరు

మా మేనత్త ఫొటో నిన్న రాత్రే ప్రింటు వేశాను. ఇంకా పూర్తిగా ఆరలేదు కూడా. సంతోషం, కోపం రెండూ వేడిగా ఉన్నప్పుడే రాసేద్దామని కూర్చున్నాను.

కెమెరా తేలిగ్గానే దొరికింది. రాజమండ్రిలో మూతపడిన ఒక స్టూడియో వాళ్ళు వాగీశ్వరి కెమెరా ఇచ్చేశారు, హాఫ్ ప్లేట్ (4¾×6½ అంగుళాల ఫిల్ము) సైజుది. కేరళలోని అలప్పుళలో చెక్కతో చేసింది. బెలోస్‌లో, అంటే లెన్సుకీ ఫిల్ముకీ మధ్య ఉండే మడతల గొట్టంలో, సన్నటి చిల్లులుంటే నల్ల టేపు అతికించాను. లెన్సు మాత్రం అమెరికా నుంచి తెప్పించుకున్నాను. రోచెస్టర్‌లో వొలెన్‌సాక్ కంపెనీ చేసిన వెరిటో, కావాలనే మెత్తటి బొమ్మ ఇచ్చే పోర్ట్రెయిట్ లెన్సు. 8¾ అంగుళాలది, పూర్తిగా తెరిస్తే ఎఫ్/4. ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ వెలుగు వచ్చే రంధ్రం (అపర్చర్) చిన్నదవుతుంది. షట్టర్ లేదు, మూత తీసి పెట్టడమే. కస్టమ్స్ డ్యూటీని కూడా లెన్సు ధరలో కలిపి లెక్క వేసుకోండి, అంతకుమించి చెప్పేదేమీ లేదు.

ఫిల్ము ఎక్స్‌రేది. ఆకుపచ్చ కాంతిని పట్టే రకం, ఎర్ర లైటు కింద కోసుకోవచ్చు. 8×10 అంగుళాల షీటుకి రెండు హాఫ్ ప్లేట్ ముక్కలు వస్తాయి. వేగం (వెలుగుని పట్టే శక్తి) ఐఎస్ఓ 50 అనుకుని తీశాను. రెండు వైపులా ఎమల్షన్ (వెలుగు పట్టే పూత) ఉంటుంది, తడిగా ఉన్నప్పుడు గోరు తగిలినా గీత పడుతుంది. ఫిల్ము కడిగే ట్రే అడుగున గాజు పలక వేసుకోండి.

అసలు కథ ఇక్కణ్ణుంచి. మొదటి నెగటివ్‌లు కడిగి ఒక ల్యాబులో స్కానింగ్‌కి ఇచ్చాను. తీసుకోవడానికి వెళ్తే కౌంటర్ దగ్గర ఇంకో నలుగురు ఉన్నారు. ఆ కుర్రాడు స్క్రీన్ అందరికీ కనపడేలా తిప్పి, "ఫోకస్ మొత్తం పోయింది సార్. ఫోన్‌లో తీసినా ఇంతకన్నా బాగా వస్తుంది. మేమే కాస్త షార్ప్ చేసి పెట్టాం" అన్నాడు. పక్కనున్న ఆయన నవ్వాడు. షార్ప్ చేశారట! అత్త బుగ్గ మీద ఇసుక చల్లినట్టుంది. ఆ లెన్సు ఇచ్చిన వెలుగంతా గీకి పారేశారు. అడగకుండా ఒకరి నెగటివ్ మీద చెయ్యి చేసుకునే హక్కు వీళ్ళకి ఎవరిచ్చారు? కస్టమర్ పనిని నలుగురి ముందు ఎగతాళి చేసేవాడు ఎంత ఖరీదైన స్కానర్ పెట్టుకున్నా ఆ పనికి తగడు.

అయినా నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ నెగటివ్‌లో నిజంగానే ఏదో తేడా ఉంది. అత్త చెవి దుద్దు తేటగా ఉంది, కళ్ళు మసకగా ఉన్నాయి. కెమెరా వెనక బొమ్మ కనపడే గరుకు గాజు (గ్రౌండ్ గ్లాస్) మీద భూతద్దం పెట్టి కంటికే ఫోకస్ చేశాను, అందులో అనుమానం లేదు. మరి ఫోకస్ చెవికి ఎలా పోయింది?

జవాబు ఆ లెన్సు పనిచేసే తీరులోనే ఉంది. మామూలు లెన్సులో అంచుల నుంచి వచ్చే కిరణాలూ మధ్య నుంచి వచ్చేవీ దాదాపు ఒకే చోట కలుస్తాయి. వెరిటోలో అంచు కిరణాలు మధ్య కిరణాల కన్నా లెన్సుకి కాస్త దగ్గరగా కలిసేలా వదిలేశారు. స్ఫెరికల్ అబెరేషన్ అంటే ఇదే. మధ్య కిరణాలు తేటైన బొమ్మ గీస్తాయి, అంచు కిరణాలు దాని మీద వెలుగు తెర కప్పుతాయి. ఎఫ్/4 దగ్గర చూసేవాడికి బాగా కనిపించే ఫోకస్ ఆ రెండింటికీ మధ్య రాజీ. తర్వాత నేను చేసినట్టు ఎఫ్/5.6కి మూస్తే అంచు కిరణాలు తగ్గి, అసలు ఫోకస్ లెన్సు నుంచి వెనక్కి జరుగుతుంది. ఫిల్ము మాత్రం పాత చోటే ఉంటుంది. అప్పుడు దాని మీద తేటగా పడేది కన్ను కాదు, కంటికి వెనకున్న చెవి!

కాబట్టి ఏ అపర్చర్‌లో తీస్తారో ఆ అపర్చర్‌లోనే ఫోకస్ చెయ్యండి. గ్లాస్ మీద చీకటిగా ఉంటుంది, నల్లగుడ్డ కింద కళ్ళు అలవాటు పడేదాకా ఆగాలి. నాకు దారి చూపించింది అత్త ముక్కుపుడక. కిటికీ వెలుగుకి తెల్లరాయి తళుక్కుమంటోంది. ఎఫ్/4 దగ్గర ఆ చుక్క చుట్టూ చందమామకి గుడి కట్టినట్టు వెలుగు వలయం. నాబ్ తిప్పుతుంటే ఒకచోట లోపలి చుక్క సూదిమొనంత అవుతుంది, వలయం దాని చుట్టూ అలాగే ఉంటుంది. ఫోకస్ అక్కడే. వలయం లోపల ఆ మొన లేకపోతే అది ఉత్త మసక. ఎఫ్/5.6కి వచ్చేసరికి వలయం చిన్నదైంది, మొన మళ్ళీ వెతకాల్సి వచ్చింది. రాయికి ఫోకస్ కుదిరాక అత్త గడ్డం కాస్త దించితే కన్ను కూడా అదే దూరానికి వచ్చింది. "ఇంకెంతసేపురా, మెడ పట్టేస్తోంది" అంటూనే కదలకుండా కూర్చుంది. ఎఫ్/11 దాకా మూస్తే ఇది కూడా మామూలు లెన్సే, అంత డబ్బు పోసి కొనడం దండగ.

ఇంకొకటి. వెలుగు వలయాలన్నీ లెన్సు చలవే అనుకోకండి. ఎక్స్‌రే ఫిల్ముకి యాంటీ హేలేషన్ పూత (వెలుగు ఫిల్ము వెనక నుంచి తిరిగొచ్చి పాకకుండా ఆపేది) ఉండదు. తెల్ల చీర అంచు దానంతటదే వెలుగు చిమ్ముతుంది. తేడా తెలియాలంటే 5×7 ఇల్ఫర్డ్ ఎఫ్‌పీ4 (మామూలు నలుపు తెలుపు ఫిల్ము) ఒక ముక్క కోసి అదే మనిషిని, అదే వెలుగులో తీసి చూడండి. అది కటిక చీకట్లోనే కోయాలి. మబ్బు వెలుతురులో ఈ లెన్సు వాడకండి, అంతా గంజిలా వస్తుంది. పక్క నుంచి గట్టి వెలుగు, వెనక నీడ ఉండాలి.

ప్రింటు కాంటాక్ట్ పద్ధతిలో, అంటే నెగటివ్‌ని కాగితానికి ఆనించి, నేనే వేసుకున్నాను. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు, వాటి మీద వెలుగు తెర కూడా ఉంది. ఇంత మంచి పోర్ట్రెయిట్ ఇంతవరకూ నేను తీయలేదు. మీకు స్కాన్ తప్పనిసరైతే షార్పెనింగ్, ఆటో కాంట్రాస్ట్ రెండూ ఆపెయ్యమని కవరు మీద పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి. నేనైతే ఆ ల్యాబు గడప ఇక తొక్కను. అత్త వాళ్ళ అమ్మాయికి పంపాలని ఇంకో కాపీ అడిగింది, దాన్ని ఈ రాత్రికి వేస్తాను.