కుర్చీ ఎంత దూరంలో ఉండాలి

అమెరికాలో మా పెద్దవాడి ఉద్యోగం పోయి ఇవాళ్టికి నలభై ఒకటో రోజు. వంటింటి క్యాలెండర్‌లో పొద్దున్నే పెన్సిల్ గీత పెట్టాను. అక్కడ ఉద్యోగం చేయడానికి ఇచ్చే హెచ్-1బీ వీసా మీద ఉన్నవాడి ఉద్యోగం పోతే ఇంకో కొలువు చూసుకోవడానికైనా, సామాను సర్దుకుని తిరిగి రావడానికైనా గరిష్ఠంగా 60 రోజులే గడువన్న సంగతి ఈ పాటికి మా పాలాయనకు కూడా తెలిసిపోయింది. అయినా ఇంత రాత్రివేళ కూర్చుని ఇది రాయడానికి కారణం పెద్దవాడు కాదు, ఒక ప్లాస్టిక్ కుర్చీ.

హనుమకొండ బాలసముద్రంలో, ఒంటి దగ్గర మొదలుపెట్టి మనసుకు చికిత్స చేసే అమ్మాయి ఒకామె ఉంది, ఆమె గదికి వెళ్ళడం ఇది నాలుగోసారి. చిన్నది పోరు పెట్టి పంపిందనీ, గోడ మీది ఆర్‌సీఐ, అంటే భారత పునరావాస మండలి, రిజిస్ట్రేషన్ పత్రాన్ని కళ్ళద్దాలు పెట్టుకుని మొత్తం చదివాకే నేను కూర్చున్నాననీ ఇదివరకే రాశాను. ఇవాళ నేను కూర్చోగానే ఆమె లేచి నిలబడి, "నేను ఇక్కడే కూర్చోనా మేడమ్, దగ్గరికి జరగనా, ఇంకా వెనక్కి పోనా? మీకు ఎట్లుంటే మంచిగుంటది?" అని అడిగింది. "మీ ఇష్టం" అన్నాను. మర్యాదస్థులెవరైనా అనేది అదే కదా. ఆమె కూర్చోలేదు. "నా ఇష్టం సంగతి తర్వాత మేడమ్. తొందరేం లేదు, చూసి చెప్పండి" అని కుర్చీ వీపు పట్టుకుని అలాగే నిలబడింది.

నాకు కోపం వచ్చింది. కొడుకు బతుకు అక్కడ గాలిలో వేలాడుతుంటే గంటకు వెయ్యి రూపాయలు పోసి ఇక్కడ కుర్చీలు జరుపుకోవడం ఏమిటనుకున్నాను. ఆమె అర అడుగు వెనక్కి జరిపింది, ఏమీ అనిపించలేదు. మరో అడుగు జరిపేసరికి, అప్పటిదాకా చెవుల దగ్గరికి ఎక్కి ఉన్నాయని నాకే తెలియని నా భుజాలు కిందికి దిగాయి. దవడ వదులైంది. "అక్కడ ఉంచండి" అన్న గొంతు నాదేనా అన్నట్టుగా, సన్నగా వచ్చింది. యాభై మూడేళ్ళ వయసులో, పుట్టింట్లోగానీ అత్తింట్లోగానీ స్టాఫ్ రూములోగానీ, ఎంత దూరంలో కూర్చోమంటావని నన్ను అడిగినవాళ్ళు ఒక్కరైనా జ్ఞాపకం రాలేదు. ఇంటికి వచ్చి పప్పు తాలింపు పెడుతున్నప్పుడు కూడా అదే ఆలోచన. వెల్లుల్లి మాడింది.

ఈ పద్ధతిలో వాళ్ళు ముందు ఆలోచనల దగ్గరికి పోరు, ఒంటి దగ్గరికి వస్తారు. అరికాళ్ళు నేలకు ఆనుతున్నాయా, శ్వాస ఎక్కడ ఆగుతోంది, ఈ గదిలో మీ కంటికి ఆనిన మూడు వస్తువులు ఏవి అని అడుగుతారు. మొదటి రోజు ఆమె "నర్వస్ సిస్టమ్ రెగ్యులేషన్" అని మొదలుపెడితే తెలుగులో చెప్పమ్మా అన్నాను. చెప్పబోయి తడబడింది గాని, నిజానికి తడబడవలసిన పనే లేదు. భయాన్ని మనం ఎప్పుడూ ఒంట్లోనే చెప్పుకున్నాం. గుండె జారింది, కడుపులో దేవినట్లయింది, పానం గుంజుతాంది, కాళ్ళూ చేతులూ ఆడతలేవు అంటాం. యూజీన్ జెండ్లిన్ అనే ఆయన షికాగో విశ్వవిద్యాలయంలో చికిత్స సంభాషణల రికార్డులు విని, చక్కగా వివరించేవాళ్ళ కన్నా, మాట మధ్యలో ఆగి ఒంట్లో ఇంకా పేరు దొరకని దానికోసం తడుముకునేవాళ్ళకే ఎక్కువ మేలు జరుగుతోందని గమనించాడట. పదో కపాల నాడి, అంటే మెదడు నుంచి గుండెకూ పొట్టకూ దిగే వేగస్ నాడి, దానిలోని పోగుల్లో ఎక్కువ భాగం మెదడు ఆజ్ఞలను కిందికి మోసేవి కావని, ఒంటి సమాచారాన్ని పైకి మోసేవేనని ఆమె చెప్పినప్పుడు మాత్రం నాకు సంతోషం వేసింది. పొట్ట చెప్పేది తల వింటుందన్నమాట. ఇంటర్ పిల్లలకు ముప్పై ఏళ్ళు జంతుశాస్త్రం చెప్పి, కపాల నాడుల పట్టిక బట్టీ పెట్టించి, ఒక్కరోజైనా దాన్ని నా ఒంటితో కలిపి చూసుకోలేదు.

ఇక మా ఆడబిడ్డ సంగతి. రోజూ సాయంత్రం ఏడింటికి ఫోను. "వదినె, ఏమన్న తెలిసిందా?" తెలియలేదంటాను. "ఏం గాదు తియ్, అంత మంచే జరుగుతది" అంటుంది. ఏం కాదని ఈమెకు ఎవరు చెప్పారు? కావచ్చు, కాకపోవచ్చు. ఆ రెండింటి మధ్య నేను నలభై ఒక్క రోజులుగా నిలబడి ఉంటే, తనకు అక్కడ నిలబడడం ఇబ్బందిగా ఉండి, ఆ రెండు మాటలతో నన్ను అక్కడినుంచి లాగేయాలని చూస్తుంది. లాగితే నేనేమైనా బయటికి వస్తానా? ఆమె ఫోను పెట్టేసి సీరియల్ చూసుకుంటుంది, నేను ఒంటరిగా మళ్ళీ అదే చోట. నిన్న ఒక వీడియో పంపింది, నాలుగు లెక్కపెట్టి గాలి పీల్చి, నాలుగు లెక్కపెట్టి బిగబట్టాలట. 60 రోజులు లెక్కపెట్టడం చాలదన్నట్టు ఊపిరి కూడా లెక్కపెట్టమంటుంది. ఊపిరి నెమ్మదిగా వదిలితే గుండె వేగం తగ్గుతుందన్నది నిజమే, నేనే పాఠం చెప్పాను. అయినా ఆ వీడియో కింద పువ్వులూ దండాలూ చూస్తే ఒళ్ళు మండింది. మా ఆయన ఇంకో రకం. అమెరికా వార్తలు ఎక్కడ వస్తే అక్కడ టీవీ గొంతు పెంచుతారు. డాలర్లు, సంతకాలు, కొత్త నిబంధనలు, అన్నీ వినిపించాక నా ముఖం వంక చూస్తారు, నేనేదో తీర్పు చెప్పాలన్నట్టు.

వీళ్ళందరి మీద చిరాకుపడుతూ బట్టలు మడతపెడుతుంటే 2020 ఆగస్టు జ్ఞాపకం వచ్చింది. అప్పుడు మేము నయీంనగర్ నాలాకు దగ్గరి గల్లీలో ఉండేవాళ్ళం. రెండు రోజులు వాన తెరిపి ఇవ్వలేదు. కరెంటు పోయింది, చీకటి పడ్డాక నాలా నీళ్ళు గల్లీలోకి, గల్లీలోంచి మా వాకిట్లోకి వచ్చాయి. పై వాటాలోని వాళ్ళు తలుపు తీస్తే గల్లీలోని నాలుగిళ్ళ మనుషులం మెట్లెక్కాం. కరోనా రోజులు అవి. అయిదు నెలలుగా మనిషికి మనిషి చెయ్యి తగలకుండా బతుకుతున్నవాళ్ళం, అంత చిన్న గదిలో కూడా గోడలకు అతుక్కుని, మాస్కులు సర్దుకుంటూ కూర్చున్నాం. మా ఆయన హైదరాబాద్‌లో చిక్కుకుపోయారు, ఫోనులో ఛార్జింగు లేదు. అరగంటకొకసారి ఎవరో ఒకరు టార్చి పట్టుకుని దిగి, నీళ్ళు ఎన్నో మెట్టు దాకా వచ్చాయో చూసి వచ్చేవాళ్ళు. రెండో మెట్టు. మూడో మెట్టు. నాకు పళ్ళు టకటక కొట్టుకోవడం మొదలైంది, ఆపుదామంటే ఆగలేదు.

పక్కింటి అవ్వ అందరికన్నా ఆఖరున వచ్చింది. చంకలో కోడి, పింఛను పుస్తకం చుట్టిన కవరు. వచ్చి నా పక్కన, భుజానికి భుజం తగిలేట్టు కూలబడి, కోడిని ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో నా మణికట్టు పట్టుకుంది. ఆ చెయ్యి గరుకుగా, తడిగా, పొయ్యి దగ్గరినుంచి లేచి వచ్చినట్టు వెచ్చగా ఉంది. ఏం కాదని ఆమె అనలేదు. టార్చి మనిషి పైకి వచ్చి నాలుగో మెట్టు అంటే, "ఎక్కుతాంది బిడ్డా" అన్నది, అంతే. కోడి పొట్ట ఎగసిపడడం, అవ్వ పొట్ట నెమ్మదిగా ఆడడం, రెండూ నా మోచేతికి తెలుస్తూ ఉండేవి. ఎప్పుడో నా పళ్ళు కొట్టుకోవడం ఆగింది. అప్పటికి నీళ్ళు తగ్గలేదు, ఇంకా ఎక్కుతూనే ఉన్నాయి. నన్ను ఆశ్చర్యపరిచేది ఇప్పటికీ అదే.

ఇంతవరకూ వచ్చాక, అవ్వ ఊరికే చేసిన పనికి బాలసముద్రంలో వెయ్యి రూపాయలు తీసుకుంటున్నారని రాసి ముగిద్దామనుకున్నాను. రాశాను కూడా. చదువుకుంటే అబద్ధంలా ఉంది, కొట్టేశాను.

ఎందుకంటే మర్నాడు పొద్దున మణికట్టు కంది ఉంది. రాత్రి మధ్యలో ఒకసారి చెయ్యి వెనక్కి తీసుకోవాలనిపించి కూడా తీసుకోలేకపోయాను, పెద్దమనిషి ఏమనుకుంటుందోనని. నీళ్ళు తీశాక "లెక్చరరమ్మ గజగజ వణికింది" అని గల్లీ అంతా చెప్పింది కూడా ఆ అవ్వే. ప్రేమతోనే చెప్పింది, కాదనను. కానీ ఆ తర్వాత ఏడాదిపాటు నేను ఎవరి ముందూ వణకలేదు, వణుకు వస్తే స్నానాల గదిలోకి పోయాను. ఈ అమ్మాయి నాలుగు వారాలలో ఒక్కసారీ నన్ను తాకలేదు. తాకే పద్ధతి పాటించేవాళ్ళు కూడా ముందు అడిగి తాకాలనీ, మధ్యలో వద్దంటే ఆపాలనీ మొదటి రోజే చెప్పింది. గోప్యత రోగి హక్కని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో రాసి ఉందని కూడా చెప్పింది. అవ్వ దగ్గర నాకు వెచ్చదనం దొరికింది, వద్దనే వీలు దొరకలేదు. వద్దనే వీలు లేనిచోట మా తరం ఆడవాళ్ళు నేర్చుకున్న మాటే "మీ ఇష్టం".

2006లో అమెరికాలో జేమ్స్ కోన్ బృందం పదహారుమంది పెళ్ళయిన స్త్రీలను ఎంఆర్ఐ యంత్రంలో పడుకోబెట్టి, కరెంటు షాకు తగలవచ్చునని హెచ్చరించి, మెదడులో భయం ఎలా కదులుతుందో చూసింది. ఎవరి చెయ్యీ పట్టుకోనప్పటి కన్నా కొత్తవాడి చెయ్యి పట్టుకున్నప్పుడు కొంచెం, భర్త చెయ్యి పట్టుకున్నప్పుడు ఎక్కువ నెమ్మదించిందట. దాంపత్యం బాగున్నవాళ్ళలో ఇంకా ఎక్కువ. ఇది మా ఆయనకు చదివి వినిపిస్తే, "అయితే ఆ పైసలు నాకియ్యి" అన్నారు. నవ్వు వచ్చింది గాని, టీవీ గొంతు మాత్రం తగ్గలేదు.

నెమ్మదించడమంటే గండం తప్పడం కాదు. ఈ చికిత్స వీసా తేదీ చెప్పదు, ఆమె కూడా చెబుతాననలేదు. దీని మీద జరిగిన పరిశోధనలు చాలావరకు చిన్నవేననీ, మందులు వాడేవాళ్ళు వీటిని చూసుకుని మానేయకూడదనీ తానే చెప్పడం నాకు నచ్చింది. వెయ్యి రూపాయలు పెట్టలేని మా పనిమనిషికి ప్రభుత్వం వారి మానసిక సహాయ ఫోను సేవ టెలి మానస్ నంబరు 14416 రాసి ఇచ్చాను, పైసా అడగకుండా రాత్రీపగలూ తెలుగులో మాట్లాడతారు. అయితే ఫోనులో కుర్చీ జరపడం ఎలాగో నాకు ఇందాకటిదాకా తెలియలేదు.

ఇందాక పదిన్నరకు, వాడికి మధ్యాహ్నం, పెద్దవాడు వీడియో కాల్ చేశాడు. నోటి దాకా వచ్చిన "ఏమన్నా తెలిసిందా" అన్న మాటను మింగి, "మాట్లాడాలని ఉందా నాన్నా, ఊరికే ఉండమంటావా?" అని అడిగాను.

"నీ ఇష్టం అమ్మా."

అచ్చంగా నా గొంతే. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో ఇంకెవరినీ అడగనక్కర్లేదు. నేను ఏమీ అనకుండా ఆగాను. చాలాసేపటికి, "వీడియో తీసెయ్, లైన్ల ఉండు" అన్నాడు. ఫోనును చక్కెర డబ్బాకు ఆనించాను. ఇరవై రెండు నిమిషాలు వాడు గిన్నెలు తోముకున్నాడు, నేను రేపటికి చిక్కుడుకాయల ఈనెలు తీశాను. మధ్యలో ఒకసారి ఏదో గ్లాసు జారినట్టుంది, వాడు చిన్నగా తిట్టుకున్నాడు.

కాల్ అయిపోగానే ముందు గదిలోంచి మా ఆయన, "ఏమన్న తెలిసిందా?" అని అడిగారు. ఇంకా జవాబు చెప్పలేదు.