రాత్రిపూట వినే పాఠం

మా బడిలో గోడకు స్మార్ట్ టీవీ ఉంది. తనిఖీకి వచ్చినవారైనా, ఊరి పెద్దలైనా, సంక్రాంతికి ఊరొచ్చిన పూర్వ విద్యార్థులైనా మొదట దాని దగ్గరికే వెళ్తారు, దాని పక్కన నిలబడి ఫొటో తీయించుకుంటారు. అది ఉన్నందుకు నాకూ సంతోషమే. అయితే గడిచిన మూడేళ్లలో పిల్లలకు చదవడం నేర్పడంలో నాకు అన్నిటికన్నా ఎక్కువగా తోడ్పడిన పరికరం ఏదని ఎవరైనా అడిగితే, నేను చూపించేది నా చేతిలోని ఫోన్‌నే. అందులోనూ బొమ్మలు చూపించే పనికి కాదు, పిల్లల గొంతును దాచిపెట్టే పనికి, అంటే ఏ ఫోన్‌లోనైనా ఉండే మామూలు వాయిస్ రికార్డర్‌కు, నేను ఎక్కువగా రుణపడి ఉన్నాను.

మాది వశిష్ఠ గోదావరి పాయలోని ఒక లంక గ్రామం. రేవులో పంటు, అంటే బల్లకట్టు, ఎక్కి ఏరు దాటి, కొబ్బరితోటల మధ్య కిలోమీటరున్నర నడిస్తే బడి వస్తుంది. ఒకటి నుంచి ఐదు వరకు తరగతులు, 38 మంది పిల్లలు, ప్రధానోపాధ్యాయుల వారితో కలిపి ఇద్దరం. ఈ లెక్క వినగానే ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారికి మిగతాదంతా అర్థమైపోతుంది. ఒకటో తరగతి పిల్లవాడి వేలు పట్టుకుని అక్షరం దిద్దిస్తూ ఉంటే, మూడో తరగతివారు గుణింతం దగ్గర ఆగిపోయి ఉంటారు, ఐదో తరగతివారు భాగహారం ముగించేసి ఇక ఏం చేయమంటారన్నట్టు నా వంక చూస్తూ ఉంటారు. ప్రతి బిడ్డ చేతా రోజూ ఒక పేరా పైకి చదివించాలని శిక్షణ తరగతుల్లో చెబుతారు, అది నూటికి నూరుపాళ్లు సరైన మాట. కానీ ఒక్కొక్కరికి మూడు నిమిషాలు వేసుకున్నా 38 మందికి 114 నిమిషాలు, అంటే దాదాపు రెండు గంటలు, చదివించి వినడానికే సరిపోతాయి.

బడిలోకి యంత్రం రావడం ఈనాటి సంగతి కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు జరిగిన 'సైట్' ప్రయోగంలో ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు నేరుగా టీవీ కార్యక్రమాలు ప్రసారం చేశారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా ఉన్నాయి, ఉదయం ప్రసారాలు బడిపిల్లల కోసమే ఉండేవి. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ పథకమేమో ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు, నల్లబల్ల, బోధన సామగ్రి ఉండేలా చూడాలని పెట్టుకుంది. ఆకాశం నుంచి పాఠం దిగివచ్చిన పన్నెండేళ్ల తర్వాత నల్లబల్ల కోసం ఒక పథకం అవసరమైందన్న సంగతి, కొత్త పరికరం బడికి వచ్చిన ప్రతిసారీ నాకు గుర్తుకు వస్తుంది.

టీవీ గురించి కూడా కొంత చెప్పాలి, ఎందుకంటే దాన్ని వాడుకోవడం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. 2020-21 నుంచి మన రాష్ట్రంలో పిల్లలకు ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. పాఠం దగ్గర క్యూఆర్ కోడ్ ఉంటుంది, దాన్ని దీక్షా యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు తెరుచుకుంటాయి. లంకలో సిగ్నల్ నిలకడగా ఉండదు కనుక కావలసినవన్నీ ఇంటి దగ్గరే దించుకుని పెన్‌డ్రైవ్‌లో తీసుకువెళ్తాను. మొదటి ఏడాది వీడియో పెట్టి, అది అయ్యేదాకా చిన్న తరగతుల పని చూసుకునేదాన్ని. పిల్లలు బుద్ధిగా చూసేవారు, చూసిన తర్వాత ఏమడిగినా చెప్పలేకపోయేవారు. ఆ తప్పు వీడియోది కాదు, నాది. ఆగి, అడిగి, మళ్లీ ముందుకు వెళ్లే మనిషి పక్కన లేకపోతే అది వారికి ఇంట్లో చూసే సీరియల్ లాంటిదే అయింది.

నీటి వనరుల పాఠం వచ్చినప్పుడు వీడియో పక్కనపెట్టి, కాలువ మీది లాకుల ఫొటో ఒకటి నేనే తీసి టీవీలో పెట్టాను. బొమ్మ కనబడగానే ఐదో తరగతి కుర్రాడు లేచి, "ఇవి మా అమ్మమ్మగారి ఊరి లాకులండీ" అన్నాడు. రెండు జతల తలుపులు ఎందుకని అడిగితే, మొదట పడవ ఆగడానికన్నారు, తర్వాత నీళ్లు ఆపడానికన్నారు, చివరికి ఎగువ నీటిమట్టం నుంచి దిగువ మట్టానికి పడవను మెల్లగా దించడానికని వారిలో వారే వాదించుకుని తేల్చారు. కాటన్ దొర హయాంలో 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయిందని, ఈ కాలువలన్నీ దాని పుణ్యమేనని నేను చెబుతుండగా ఒక చిన్నది, "మరి మన లంకకి కాలువ లేదేంటండీ?" అని అడిగింది. మనం ఏటిగట్టుకు లోపల, ఏటి నడుమ ఉన్నామని, కాలువలు గట్టుకు అవతలి పొలాల కోసం తవ్వినవని బల్ల మీద గీసి చూపించాను. కదలని ఒక్క బొమ్మ మీద ఇరవై నిమిషాలు గడిచాయి. అంతకుముందు ఆ టీవీలో నేను పెట్టిన ఏ వీడియో కూడా అలాంటి ప్రశ్న పుట్టించలేదు.

ఇక రికార్డర్ సంగతి. ప్రతినెలా మొదటి వారంలో రెండో తరగతి నుంచి పైవారికి, వారు ముందు చూడని ఒక చిన్న పేరాను చీటీ మీద రాసి ఇస్తాను. వరండాలో స్తంభం పక్కన బల్ల వేసి, ఫోన్ పెట్టి, ఐదో తరగతి పిల్లలకు బటన్ నొక్కే పని అప్పగిస్తాను. ఒక్కొక్కరు వచ్చి ఒక నిమిషం చదివి వెళ్తారు. ఆ సమయంలో నేను లోపల ఒకటో తరగతితో ఉంటాను. ముప్పై మంది, ముప్పై నిమిషాలు. రాత్రి అన్నాలయ్యాక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, పక్కన ఆ చీటీ నకలు, ఎర్ర పెన్ను పెట్టుకుని వింటాను. తరగతి గదిలో ఒక బిడ్డ చదువుతుంటే నా చెవి సగం ఇంకొక మూలన ఉంటుంది, నోరు సవరించడానికి తొందరపడుతుంది. రాత్రి ఆ తొందర ఉండదు, మధ్యలో అడ్డుపడే అవకాశమూ ఉండదు. వినడం ఒక్కటే పని.

నాలుగో తరగతిలో ఒక అమ్మాయి ఉంది. ఆమెకు చదవడం రావడం లేదని నేను మనసులో ముద్ర వేసేసుకున్నాను. ఆ నెల చీటీలో ఒక మామయ్య రాత్రిపూట ఊరి నుంచి వచ్చిన సంగతి రాశాను. దూర ప్రయాణం చేసి మామయ్య వచ్చారు, అందరూ ఎదురు వెళ్లారు, సంచి అరుగు మీద పెట్టారు, నాన్నమ్మ మందలించినట్టు ఏదో అడిగారు, మామయ్య చెప్పారు, అందరూ నవ్వారు, అప్పటికి పిల్లలకు నిద్ర వస్తోంది, కొబ్బరాకుల సందున చంద్రుడు కనిపించాడు. అంతే కథ. ఆ అమ్మాయి చదివినదానిలో నేను తొమ్మిది తప్పులు గుర్తు పెట్టాను. రెండోసారి వింటున్నప్పుడు చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆ తొమ్మిదిలో ఆరు ఇవి: వచ్చేరు, వెళ్లేరు, పెట్టేరు, అడిగేరు, చెప్పేరు, నవ్వేరు.

ఇవి తప్పులా? మా వైపు ఇంటింటా అలాగే మాట్లాడతారు. పుస్తకంలో 'వచ్చారు' అని ఉంటే ఆ బిడ్డ కన్ను దాన్ని చూసింది, మనసు అర్థం చేసుకుంది, నోరు తన ఇంటి మాటగా పలికింది. అక్షరాలు కూడబలుక్కుని చదివే పిల్లలకు అది సాధ్యం కాదు. అర్థం ముందుగా తట్టినవారే అలా మార్చి పలకగలరు. ఏ పలుకునైతే నేను చదవలేకపోవడానికి గుర్తుగా లెక్క వేశానో, అదే ఆమె అర్థం చేసుకుంటూ చదువుతోందనడానికి సాక్ష్యం. నాలుగు నెలలుగా ఆ పిల్లను ప్రతి 'వచ్చేరు' దగ్గరా ఆపి సవరించినందుకు ఆ రాత్రి నాకు చాలా బాధ కలిగింది.

మిగిలిన మూడు మాత్రం నిజంగా తప్పులే: పయాణం, నిద, చందుడు. మూడింటిలోనూ జారిపోయింది ఒక్కటే, క్రావడి, అంటే ర వత్తు. మిగతా వత్తులన్నీ ఆమె సరిగానే పలికింది. చాలా వత్తులు అక్షరం కిందనో, దానికి కుడిపక్కనో ఉంటాయి, క్రావడి ఒక్కటే ఎడమవైపు నుంచి అక్షరం కిందికి చుట్టుకుని వస్తుంది. ఎడమ నుంచి కుడికి పరుగెత్తే కన్ను దాన్ని దాటిపోతోందేమోనని నాకు తోచింది. మర్నాడు వారం రోజులకు సరిపడా పని పెట్టుకున్నాను. పలక మీద మొదట రాసిన మాట 'ప్రభ'. కనుమనాడు అలంకరించిన ప్రభలు ఊరేగే జగ్గన్నతోట తీర్థానికి వెళ్లివచ్చే పిల్లలకు ప్రభ అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. క్రావడిని రంగు సుద్దతో దిద్దించాను. చక్రం, శుక్రవారం, సముద్రం, పత్రం, ఇలా రోజుకు నాలుగు మాటలు. ఆ వారం 'వచ్చేరు' జోలికి వెళ్లలేదు. మనం మాట్లాడే మాట ఒకటి, పుస్తకంలో అచ్చయిన మాట ఒకటి, రెండూ మంచివేనని తర్వాత ఎప్పుడో నింపాదిగా చెప్పాను.

నేను వినడం ఒక ఎత్తు, పిల్లలు తమ గొంతు తామే వినడం ఇంకొక ఎత్తు. ఆ అమ్మాయికి ఆమె చదివింది వినిపించాను. మొదటిసారి చేతులతో ముఖం కప్పుకుని నవ్వింది. రెండోసారి చీటీ చేతిలోకి తీసుకుని వేలితో మాటలు అనుసరించింది. మూడోసారి ఆమె వేలు 'ప్రయాణం' మీద ఆగింది. "టీచరండీ, ఇక్కడ ఒకటి మింగేసేనండి" అంది. నేను ఏమీ చూపించలేదు, ఏమీ చెప్పలేదు. నేను వందసార్లు సవరించినా దొరకనిది, తన గొంతు తనకు ఎదురుగా వినబడేసరికి ఆ బిడ్డకు దొరికింది. నెలాఖరున అదే చీటీ మళ్లీ చదివిస్తాను, రెండు రికార్డింగులూ ఒకదాని తర్వాత ఒకటి వినిపిస్తాను. మార్కులు, స్టార్లు ఏమీ ఇవ్వను. మొదటి వారం గొంతుకూ చివరి వారం గొంతుకూ తేడా వారికే తెలుస్తుంది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా చూడడానికి 2021లో మొదలైన కేంద్ర పథకం నిపుణ్ భారత్ లక్ష్యాల్లో మూడో తరగతి ముగిసేసరికి పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాలు అర్థవంతంగా చదవాలని ఉంది. లక్ష్యం ఉండడం మంచిదే. అయితే తెలుగులో పదం అంటే ఏమిటో గుర్తుంచుకోవాలి. 'వెళ్లకపోయినట్లయితే' అన్నది మనకు ఒకే పదం, ఇంగ్లీషులో అదే అర్థానికి నాలుగైదు మాటలు కావాలి. విభక్తులు, ప్రత్యయాలు అంటుకుని పదం పొడుగు సాగే భాషలో కేవలం పదాల లెక్క చూసుకుంటే, నెమ్మదిగా, విరుపులతో, అర్థంతో చదివే పిల్ల వెనుకబడినట్టు కనిపిస్తుంది. నేను నిమిషానికి ఎన్ని పదాలో రాసుకుంటాను, కానీ దాని పక్కనే ఎక్కడ ఊపిరి తీసుకున్నారో కూడా గీత పెట్టుకుంటాను. వాక్యం చివర ఊపిరి తీసుకునే బిడ్డకూ, పదం మధ్యలో తీసుకునే బిడ్డకూ కావలసిన సాయం వేరు.

లెక్కల్లో కూడా ఫోన్ ఒకసారి బాగా అక్కరకు వచ్చింది. వరదకాలంలో లంకల్లో ప్రతి ఇంట్లోనూ వినబడే ప్రశ్న, "ధవళేశ్వరంలో ఎంతుందట?" అక్కడ 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. దశాంశాలు చెప్పడానికి ఇంతకంటే దగ్గరి అంకెలు ఎక్కడ దొరుకుతాయి? ఐదో తరగతివారి చేత రోజూ ఫోన్‌కు వచ్చే నీటిమట్టాన్ని గళ్ల కాగితం మీద చుక్క పెట్టించి, రెండో హెచ్చరికకు ఇంకా ఎంత ఉందో తీసివేత చేయించాను. ఇంట్లో పెద్దలకు ఆ లెక్క వారే చెప్పారు. నీరు ఇంకా పెరిగి పంటు ఆపేయడంతో బడికి సెలవు ఇచ్చారు. తిరిగి తెరిచేసరికి, సెలవు రోజుల చుక్కలు కూడా తామే పెట్టుకుని తెచ్చారు.

కష్టాలు లేవని చెప్పను. ఈ పనికి వాడేది నా సొంత ఫోన్, అందులో ఖాళీ త్వరగా నిండిపోతుంది. పైగా ప్రతిరోజూ ఏదో ఒక ఫొటో తీసి ఏదో ఒక యాప్‌లో ఎక్కించే పనికి నా ఉదయం గంటలో కొంత భాగం పోతోంది. ఆ సమయంలో నలుగురు పిల్లల చదువు వినవచ్చునన్న బాధ నాకు ఎప్పుడూ ఉంటుంది. ఉపాధ్యాయుల సమయాన్ని మిగిల్చే సాంకేతికత ఒకటి, మింగేసే సాంకేతికత ఇంకొకటి, రెండూ ఒకే ఫోన్‌లో ఉంటున్నాయి. రికార్డింగుల విషయంలో నేను గట్టిగా పాటించే నియమం ఒకటుంది. బిడ్డ గొంతును ఏ గ్రూపులోనూ పెట్టను, ఇంటివారు అడిగితే వారికి మాత్రమే పంపుతాను.

ఆ అమ్మాయి నాన్నమ్మ అడిగింది. మా లంకల్లో చాలా ఇళ్లలో తల్లి కువైట్‌లోనో, మస్కట్‌లోనో ఇంటిపనిలో ఉంటుంది, పిల్లలు నాన్నమ్మల దగ్గరో, అమ్మమ్మల దగ్గరో పెరుగుతారు. ఈ అమ్మాయి తల్లి కువైట్ వెళ్లి రెండేళ్లు దాటింది. "పంతులమ్మగారండీ, మనవరాలు చదివింది నా ఫోన్‌కి పంపండి, వాళ్లమ్మకి వినిపిస్తాను" అని ఆవిడ రేవు దగ్గర ఆపి అడిగితే, నెలాఖరున చదివించిన రెండో రికార్డింగు పంపాను. అందులో ప్రయాణం ప్రయాణంగానే ఉంది. మామయ్య మాత్రం 'వచ్చేరు'.

సోమవారం ఉదయం బెల్లు కొట్టకముందే ఆ పిల్ల వరండాలో బల్ల దగ్గర నిలబడి ఉంది. "అమ్మ మెసేజ్ పెట్టిందండీ. మావయ్య సంచిలో ఏముందో అది కూడా చదివి పంపమందండీ" అంది. నా చీటీలో కథ చంద్రుడి దగ్గరే ఆగిపోయింది. ఆ రాత్రి కూర్చుని సంచిలో ఏమేమి ఉన్నాయో రాశాను, క్రావడి ఉన్న మాటలు మూడు పడేలా చూసుకున్నాను. ఇప్పుడు పదకొండో చీటీ రాస్తున్నాను. మామయ్య ఇంకా తిరిగి వెళ్లలేదు.