సీటు నంబరు లేని వీఐపీ టికెట్టు

పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో మా సీట్లు డి-6 పెట్టెలో 31, 32. విజయవాడ నుంచి చెన్నై సెంట్రల్ దాకా దాదాపు 430 కిలోమీటర్ల ప్రయాణానికి మనిషికి 200 రూపాయల లోపే తీసుకున్న రైల్వే, మేము ఏ పెట్టెలో ఎక్కడ కూర్చోవాలో నెల రోజుల ముందే కాగితం మీద రాసి ఇచ్చింది. నాన్నగారి చేతిసంచిలో, ప్లాస్టిక్ కవరులో మడత పడకుండా పెట్టుకున్న మరో రెండు కాగితాలు మాత్రం చెన్నైలో ఒక కర్ణాటక సంగీత కచేరీకి మనిషికి 3,500 రూపాయలు పెట్టి కొన్నవి. వాటి మీద పసుపు రంగు పెద్ద అక్షరాలతో ‘వీఐపీ’ అని ఉంది; వరుస లేదు, నంబరు లేదు. రైలు ఎక్కేటప్పటికి ఆ తేడా నా మనసుకు తట్టనే లేదు.

నాన్నగారికి 74 ఏళ్లు. ఎడమ చెవి వినికిడి పూర్తిగా పోయి పన్నెండేళ్లయింది, కుడి చెవికి మిషన్ ఉంది. ఆ మిషన్ దగ్గరి శబ్దాన్ని బాగానే అందిస్తుంది కాని, దూరం పెరిగేకొద్దీ పాటతో పాటు ఫ్యాన్ల హోరును, జనం గుసగుసలను కూడా కలగలిపి చెవిలో పోస్తుంది. అందుకే ఆయన పాటను సగం చెవితో, సగం కంటితో వింటారు. పాడేవారి పెదవులు కనబడితే సాహిత్యం అందుతుంది, వయొలిన్ కమాను కదలిక కనబడితే చెవి వదిలేసిన సంగతిని మనసు పూరించుకుంటుంది. అలా వినాలంటే ముందు వరుసల్లో, హాలుకు ఎడమ పక్కన కూర్చోవాలి, అప్పుడే వేదిక ఆయన కుడి చెవి వైపుకు వస్తుంది. గొప్ప కోసమో, ఫొటో కోసమో కాదు, ఈ ఒక్క కారణం కోసమే నేను వీఐపీ టికెట్లు కొన్నాను.

రెండు నెలల ముందు ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు హాలు పటంలో మొదటి అయిదు వరుసలకు వీఐపీ రంగు వేసి చూపించారు. సీటు ఎంచుకునే వీలు లేకపోవడంతో అక్కడ ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసి నాన్నగారి చెవి సంగతి వివరంగా చెప్పాను. అవతలి మనిషి ఎంతో మర్యాదగా, “పెద్దవారికి ఎడమ వైపే ఇస్తామండీ, అరగంట ముందు రండి చాలు” అన్నాడు. టికెట్టు ధర మీద కన్వీనియన్స్ ఫీజు, ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్‌టీ చెల్లించి, ఆ సాయంత్రమే నాన్నగారికి ప్రింటు తీయించి ఇచ్చాను. అప్పటి నుంచి ఆయన ఆ కచేరీలో పాడబోయే విద్వాంసురాలి పాత రికార్డింగులను రోజుకొకటి, కుడి చెవికి ఫోన్ ఆనించుకుని వినడం మొదలుపెట్టారు.

మార్గళిలో, అంటే డిసెంబరు మధ్యలో మొదలయ్యే తమిళ మాసంలో, మద్రాసు కచేరీ వినాలన్నది ఆయనకు ఉద్యోగంలో ఉన్నప్పటి కోరిక. ఒంగోలు దాటాక ఆ సీజను పుట్టుక గురించి చెప్పడం మొదలుపెట్టారు. 1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెసు మహాసభలు జరిగినప్పుడు వాటితో పాటు అఖిల భారత సంగీత సమావేశం కూడా జరిగిందనీ, దాని ఫలితంగానే మరుసటి ఏడు మ్యూజిక్ అకాడమీ ఏర్పడిందనీ, డిసెంబరు కచేరీల వరుసకు మూలం అదేననీ ఎదుటి సీటులోని కుర్రవాడికి కూడా వినబడేంత గట్టిగా చెప్పారు. చెవి పోయినవారి గొంతు సహజంగానే పెరుగుతుంది. విజయవాడలో ఆయన పెరిగిన సంగీతం వేరు. పొద్దున్నే ఆకాశవాణి భక్తిరంజని, మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన సంగీత కళాశాలలో జరిగే ఉత్సవాలు, నేల మీద పరిచిన జంపఖానాలు. ముందు వచ్చినవాడు ముందు కూర్చునేవాడు, ఆలస్యమైనవాడు స్తంభం పక్కన నిలబడేవాడు. ఆ లెక్కలో ఎవరికీ అన్యాయం జరగలేదని ఆయన ఇప్పటికీ అంటారు.

సెంట్రల్ నుంచి మైలాపూరుకు ఆటో 350 రూపాయలు. బేరం ఆడే ఓపిక లేక ఇచ్చేశాను. లాడ్జి గదిలో నాన్నగారు ఒక గంట పడుకుని లేచి, మిషన్‌కు కొత్త బ్యాటరీ వేసుకుని, ఉతికి తెచ్చుకున్న పంచె కట్టుకున్నారు. కచేరీ ఆరున్నరకు. అరగంట ముందు రమ్మన్నారు కదా అని మేము గంట ముందే, అయిదున్నరకల్లా హాలులో ఉన్నాం.

మొదటి రెండు వరుసల కుర్చీల వీపులకు ‘స్పాన్సర్’ అని, మూడు, నాలుగు వరుసలకు ‘అతిథి’ అని కంప్యూటరులో అచ్చు తీసిన చీటీలు సెల్లోటేపుతో అంటించి ఉన్నాయి. అయిదో వరుస అప్పటికే నిండిపోయింది. మూడో వరుసలో ఎడమ చివరి కుర్చీ దగ్గర నాన్నగారు ఆగి, అంటించిన చీటీ ఒక మూల ఊడి వేలాడుతుంటే దానిని వేలితో నొక్కి సరిచేశారు. ఆ తరువాత ఆ అక్షరాలను చదివి నా వైపు చూశారు. మెడలో బ్యాడ్జీ వేసుకున్న వలంటీరు కుర్రవాడికి టికెట్లు చూపిస్తే, వీఐపీ వారు ఆరో వరుస నుంచి ఎక్కడైనా కూర్చోవచ్చని ఇంగ్లీషులో చెప్పి వెళ్లిపోయాడు. ఆరు, ఏడు, ఎనిమిది వరుసల్లో కూడా చేతిరుమాళ్లు, సంచులు వేసి ఉన్నాయి.

మాకు ఆ సాయంత్రం అసలైన సమాచారం ఇచ్చింది హాలులో పనిచేసే ఒకాయన. నా తెలుగు విని తానే దగ్గరకు వచ్చాడు, నాయుడుపేట దగ్గరి ఊరట. “అమ్మా, ఆ ముందు కుర్చీలు టికెట్టోళ్లకు కాదమ్మా, మజ్జాన్నమే చీటీలు అంటించినారు. మీ మాదిరి వచ్చినోళ్లు ఇంకా శానామంది ఉండారు. ఈడ నిలబడి వాళ్లతో వాదించబాకండి, పెద్దాయన కాళ్లు నొస్తాయి” అన్నాడు. నాన్నగారి చెవి సంగతి చెప్పగానే లోపలికి వెళ్లి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, ఎడమ గోడ వారగా, అయిదో వరుసకు సమంగా వేశాడు. “అయ్యా, మీరు ఈడ కూర్చోండి” అని ఆయన భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. నేను నాన్నగారి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను.

ఆ తరువాతి నలభై నిమిషాల కోసమే మేము చెన్నై వెళ్లామనుకుంటాను. వర్ణంతో మొదలైంది. నాన్నగారి కుడి చేయి మోకాలి మీద ఆది తాళం వేయడం మొదలుపెట్టింది. ఒక తట్టు, చిటికెన వేలి నుంచి మూడు వేళ్ల లెక్క, ఆ తరువాత తట్టు, విసురు, మళ్లీ తట్టు, విసురు. ఎక్కడా తప్పలేదు. రెండో కృతిలో చరణం దగ్గర ఆయన పెదవులు విద్వాంసురాలి పెదవులతో పాటే కదిలాయి. ఎన్నో ఏళ్ల తరువాత ఒక తెలుగు సాహిత్యం ఆయనకు ముక్కలుగా కాక, మొత్తంగా అందుతోందని నాకు అర్థమైంది. ఆమె రాగం తానం పల్లవి (ముందు ఒక రాగం ఆలాపన, తరువాత తానం, చివర సాహిత్యంతో పల్లవి) కోసం ఆలాపన ఎత్తుకున్నప్పుడు, రెండు మూడు సంచారాలకే నాన్నగారు నా వైపు తిరిగి, ఎప్పటి గట్టి గొంతుతో కాక, గాలితో అన్నట్లు “కాంభోజి” అని రాగం పేరు చెప్పారు. ఆలాపనకు తాళం ఉండదు కనుక ఆయన చేయి మోకాలి మీద నిశ్చలంగా ఆగిపోయింది.

ఆలాపన పై షడ్జం దగ్గర నిలిచి ఉన్నప్పుడు వలంటీరు కుర్రవాడు మరొకరిని వెంటబెట్టుకుని వచ్చి, నడిచే దారిలో కుర్చీ ఉండకూడదని, వెంటనే తీసేయాలని అన్నాడు. ఆ నిబంధన సరైనదే, అగ్నిప్రమాదం జరిగితే జనం బయటపడే దారికి కుర్చీ అడ్డం ఉండకూడదని నేనూ ఒప్పుకుంటాను. కాని మా పక్కనే మూడో వరుసలో చీటీలు అంటించిన కుర్చీలు ఏడు ఖాళీగా ఉన్నాయి. నేను నిలబడిన చోటి నుంచి లెక్కపెట్టాను. ఆయనను వాటిలో ఒకదానిలో కూర్చోనివ్వమని, కుర్చీ తాలూకు అతిథి రాగానే లేస్తారని వీలైనంత మెల్లగా చెప్పాను. “వాళ్లు వస్తారు” అన్నాడు. మా మాటలకు అయిదో వరుసవారు వెనక్కి తిరిగి చూస్తున్నారు. నాన్నగారికి మా మాటలు వినబడలేదు కాని, సంగతి అర్థమైంది. లేచి నిలబడి, వేదిక వైపు తిరిగి రెండు చేతులూ జోడించి, మెల్లగా వెనక్కి నడిచారు. ఆయన నడుస్తున్నంత సేపూ ఆలాపన సాగుతూనే ఉంది. జీవితంలో ఎన్నడూ కచేరీ మధ్యలో లేవని మనిషి, పాడేవారిని అవమానించినట్లవుతుందని మమ్మల్ని చిన్నప్పుడు దగ్గు వస్తే కూడా ఆపుకోమన్న మనిషి, కాంభోజి మధ్యలో లేచి నడిచారు.

ఆయనను ఎవరో కుడి పక్క, పద్నాలుగో వరుస చివరి కుర్చీలో కూర్చోబెట్టారు. అక్కడ వేదిక ఆయన ఎడమ చెవి వైపుకు వస్తుంది, వినే చెవికి సరిగ్గా పైన గోడకు బిగించిన స్పీకరు ఉంది. నేను మాత్రం నిర్వాహకుల కోసం బయటి హాలులోకి వెళ్లాను. అక్కడ నాలాంటివారు పదిమంది దాకా ఉన్నారు. బాధ్యుడినని చెప్పుకున్న పెద్దమనిషి, వీఐపీ అంటే వేరే ప్రవేశ ద్వారం, ఒక కాఫీ కూపను, ముందు భాగంలో ‘వీలునుబట్టి’ సీటు అని వివరించి, టికెట్టు షరతులలో ‘సీట్ల కేటాయింపు నిర్వాహకుల నిర్ణయం మేరకు’ అన్న వాక్యాన్ని నా ఫోనులోనే వెతికి చూపించాడు. అలాంటప్పుడు పటంలో అయిదు వరుసలకు రంగు వేసి ఎందుకు చూపించారని, ఫోనులో ఎడమ వైపు ఇస్తామని ఎందుకు మాట ఇచ్చారని అడిగాను. ఫోనులో మాట్లాడింది తమ మనిషి కాదని, టికెట్లు అమ్మే సంస్థ మనిషని అన్నాడు. ఉన్న కుర్చీల కంటే ఎక్కువ టికెట్లు అమ్మారా అన్న ప్రశ్నకు మాత్రం అతను ఒక్కసారి కూడా జవాబు చెప్పలేదు. మూసిన తలుపు వెనక నుంచి తానం సన్నటి రొదలాగా వినబడుతూనే ఉంది. అలా అరగంట గడిచింది.

ఇంటికి వచ్చాక 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోని కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు అయితే రుసుము కూడా లేదు. ఇలా మోసపోయినవారు దూరం అని ఊరుకోవద్దు. విక్రేత చూపించిన సీట్ల పటాన్ని కొన్ననాడే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. నా దగ్గర ఉన్న గట్టి ఆధారం అదొక్కటే, ఎందుకంటే కచేరీ అయిన మరునాటికి ఆ పటం సైటులో లేదు. ఫోనులో ఇచ్చిన మాటకు నా దగ్గర ఏ రుజువూ లేదు.

నేను లోపలికి తిరిగి వచ్చేటప్పటికి మృదంగం, ఘటం తని ఆవర్తనంలో, అంటే పాట ఆగి తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగంలో, ఉన్నాయి. నాన్నగారు నిటారుగా కూర్చుని వేదిక వైపు చూస్తున్నారు. ఆయన ఒడిలో మిషన్ పెట్టుకునే చిన్న నీలం డబ్బీ మూత వేసి ఉంది. స్పీకరు హోరుకు అది కీచుమని అరుస్తుంటే భరించలేక తీసేశారట. మూడో వరుసలో చీటీలు అంటించిన ఆ ఏడు కుర్చీలలో నాలుగు మంగళం పాడేదాకా ఖాళీగానే ఉన్నాయి.

తిరుగు ప్రయాణంలో రాత్రి బండికి మాకు ఆర్‌ఏసీ దొరికింది. ఒకే సైడ్ లోయర్ బెర్తు మీద ఇద్దరం ఎదురెదురుగా కాళ్లు ముడుచుకుని కూర్చున్నాం. అది కష్టమే కాని, అలా కూర్చోవలసి ఉంటుందని టికెట్టు కొన్న రోజే రైల్వే చెప్పింది, ఒప్పుకునే కొన్నాం. సీటే లేకపోతే వెయిటింగ్ లిస్టులో మన స్థానం ఎంతో చెబుతారు, చార్టు తయారయ్యాక కూడా ఖాయం కాకపోతే ఆన్‌లైన్ టికెట్టు డబ్బు కొద్దిపాటి కోతతో దానంతట అదే ఖాతాలో పడుతుంది. మనం ఎంతగా తిట్టుకునే రైలైనా కుర్చీ ఉందో లేదో దాచదు. ఏడు వేల రూపాయలు తీసుకున్నవారు ఆ పాటి నిజం చెప్పి ఉంటే, నేను సీటు నంబరు ఉన్న మరో కచేరీకి నాన్నగారిని తీసుకువెళ్లి ఉండేదాన్ని.

గూడూరు దాటిన తరువాత నాన్నగారు మిషన్ మళ్లీ పెట్టుకున్నారు. కిటికీ అద్దం మీద వేలితో ఏదో లెక్క వేస్తూ చాలాసేపు కూర్చుని, నా వైపు వంగి అడిగారు.

“అమ్మా, కాంభోజిలో తానం తరువాత పల్లవి పాడింది కదా. సాహిత్యం తెలుగా, తమిళమా?”

“తెలియదు నాన్నా, అప్పుడు నేను బయట వాళ్లతో మాట్లాడుతున్నాను” అన్నాను.

బండి చప్పుడులో ఆయనకు వినబడలేదు. కుడి చెవి దగ్గరకు వంగి అదే మాట మరోసారి, ఇంకా గట్టిగా చెప్పవలసి వచ్చింది.