విజయనగరం కోట గోడల మీద మొక్కలు

విజయనగరం కోటకి వెళ్లినవాళ్లు ఎక్కువగా సింహద్వారం ముందు ఫొటో దిగి లోపలున్న మోతీ మహల్ భవనం వైపు వెళ్లిపోతారు. నేను గోడలు చూడ్డానికే వెళ్లాను, అదీ భాద్రపదంలో, వానలు బాగా పడ్డాక. ఆమదాలవలసలో పాసింజర్ ఎక్కితే పొందూరు, చీపురుపల్లి, నెల్లిమర్ల మీదుగా విజయనగరం. స్టేషన్ నుంచి మూడు లాంతర్ల కూడలిదాకా ఆటో, ఆపైన నడక.

1713లో పునాది పడిన కోట ఇది. రాళ్ల మధ్య పాత సున్నం అక్కడక్కడా రాలిపోయింది. ఆ సందులో వేలు పెడితే చల్లగా, తడిగా తగిలింది. సున్నం గచ్చు నీటిని పీల్చుకుని మెల్లగా వదులుతుంది. గాలికి వచ్చిన దుమ్ము అందులో చేరుతుంది, నాచు పడుతుంది, ఎండిన నాచే తర్వాత వచ్చేవాటికి మట్టి అవుతుంది. నా భుజం ఎత్తున ఒక ఫెర్న్, అంటే పూవు పూయని ఆకుమొక్క, వేలాడుతోంది. ఆకు తిప్పి చూస్తే అంచు పొడవునా గోధుమరంగు గీత, అదంతా విత్తనంలాంటి పొడి. పాత సున్నం గోడలంటే దీనికి ప్రాణం. పేరు టెరిస్ విట్టాటా. మట్టిలోని విషపదార్థమైన ఆర్సెనిక్‌ని లాగి ఆకుల్లో దాచుకుంటుందని 2001లో అమెరికా శాస్త్రవేత్తలు బయటపెట్టింది దీని గురించే.

కింద గడ్డి చేమంతి పూసి ఉంది. ఒక్కో పూవు మీదా తేనెటీగో, చిన్న సీతాకోకచిలుకో. ఊరి నడిబొడ్డున వాటికి తిండి దొరికే చోట్లు ఎన్ని మిగిలాయి? పక్క సందులో కొత్తగా సిమెంటు పూసిన ప్రహరీ ఒకటి ఉంది. దాని మీద గడ్డిపోచ లేదు, మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత వేడి. నాకు నిజంగా బాధేసింది.

రావి మొక్క సంగతి వేరు. కాకో, గోరింకో పండు తిని రెట్ట వేస్తే అందులోని గింజ గోడలో మొలుస్తుంది. జానెడు మొక్కే కదా అని వదిలేస్తే వేరు లావెక్కి రాళ్లనే విడదీస్తుంది. బురుజు దగ్గర ఒకదాన్ని ఎవరో పైపైన నరికారు, మొదట్లోంచి మళ్లీ నాలుగు కొమ్మలు వేసింది.

టీ కొట్టు అమ్మతో ఈ మాటే అన్నాను. "ఎంత పీకినా మళ్లీ వచ్చేస్తాది బాబూ. ఆ చేమంతి మాత్రం ఉండనీ, దెబ్బ తగిల్తే పసరు రాసుకుంటాం" అంది.

ఆవిడ చెప్పింది సబబు. గోడలు బాగుచేసేవాళ్లు అన్నిటినీ ఒకేలా గీకెయ్యకూడదు. నాచు, ఫెర్న్, చేమంతి ఉండాలి. రావి, మర్రి, జువ్వి మొలకల్ని మాత్రం వేరుతో సహా తీసి, ఆ సందుని సిమెంటుతో కాకుండా సున్నంతోనే పూడ్చాలి. సిమెంటు తడిని లోపలే బిగబట్టి పాత గోడని పాడుచేస్తుంది. మొలక లేతగా ఉన్నప్పుడు, గచ్చు వానకి నానినప్పుడు లాగితే వేరు తెగకుండా వచ్చేస్తుంది.